ఐదు రాజుల మంచు

సూర్యుడు తూర్పు కొండల వెనుక నుంచి తొంగి చూశాడో లేదో, తుహినవతీ రాజ్యపు శిఖరాలన్నీ పసుపు పూసుకున్న పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. దేవదారు కొమ్మలు మంచు బరువుకు వంగి నేలను ముద్దాడుతున్నాయి. లోయలోని ఏరు ఉరుకుతున్నది ఉరుకుతున్నట్టే గడ్డకట్టి, ఎండ తగిలిన చోటల్లా రంగులు చిమ్ముతోంది. ఆ సొగసు చూడడానికి రెండు కళ్ళూ చాలవు. కాని సికతాపుర రాజకుమారుడు విభాకరుడు మాత్రం ఆ సమయంలో రెండు కళ్ళూ గట్టిగా మూసుకొని ఉన్నాడు. ఎందుకంటే అతను అగాధం మీద ఉన్న మంచు వంతెన మధ్యలో ఉన్నాడు. వెనుక నుంచి ఒక తెల్లని ఎలుగుబంటి తరుముకొస్తోంది.

"దొరా! ఆ ఉప్పుమూట పారెయ్యండి! అది వచ్చేది మన కోసం కాదు, ఉప్పు కోసం!" అని ముందు పరుగెత్తుతున్న ఎర్రమల్లు అరిచాడు.

ఎర్రమల్లు విభాకరుడిని చిన్నప్పుడు భుజాల మీద మోసిన జెట్టి. ఇద్దరూ ఉప్పు వర్తకుల వేషంలో ఉన్నారు. వేషం పోతే పోయిందని విభాకరుడు మూటను వెనక్కి విసిరాడు. మూట పగిలి ఉప్పంతా వంతెన మీద చెల్లాచెదరైంది. ఎలుగుబంటి ఆగి, పండుగ వచ్చినంత సంబరంగా నాకడం మొదలుపెట్టింది.

అంతటితో పీడ వదిలిందనుకుంటే పొరపాటే. ఉప్పు తగిలిన మంచు ఊరుకుంటుందా? సన్నగా చెమర్చింది, బుడబుడమంది, ఆ పైన ఫెళ్ళున పగిలింది. విభాకరుడు ఒక్క గెంతులో అవతలి గట్టును పట్టుకొన్నాడు. మల్లు అతని జుట్టు పట్టి పైకి లాగాడు. వాళ్ళు చూస్తూండగానే వంతెన ముక్కలై లోయలోకి కూలింది. ఎలుగుబంటి మిగిలిన మూటను నోట కరుచుకొని, వచ్చిన గట్టుకే దూకి, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

"వచ్చిన దారి పోయింది, దొరా," అన్నాడు మల్లు, లోయలోకి తొంగిచూస్తూ.

"మనం వెనక్కి పోయేదెక్కడికి? రావలసిన చోటికే వచ్చాం," అని విభాకరుడు వీపున కట్టుకొన్న బంగారు గునపాన్ని తడిమి చూసుకొన్నాడు. అది భద్రంగా ఉంది.

ఎండలో పుట్టి ఎండలో పెరిగి, మంచు అన్న మాటను కథల్లో తప్ప వినని కుర్రవాడికి ఈ కొండల్లో పనేమిటో చెప్పి తీరాలి. విభాకరుడి అక్క కేతకి. తల్లి పోయిన నాటి నుంచి తమ్ముడికి తల్లి తానే అయింది. జడలో మొగలిరేకులు లేనిదే గడప దాటేది కాదు. ఆమె ఏ గదిలో ఉందో వాసనే చెప్పేది. కరకదంతుడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానని వచ్చాడు. ఆమె ముఖం మీదనే కాదు పొమ్మంది. వాడు కోపంతో ఆమెను మంచుబొమ్మను చేసి, స్ఫటికపు పేటికలో పెట్టి, ఉత్తరాన ఉన్న మూడు మంచు రాజ్యాల్లో ఒకచోట పాతిపెట్టాడు.

విభాకరుడికి గునపం ఇచ్చింది ఎండిన బావిలో ఉండే యక్షిణి. "నాయనా! మూడు రాజ్యాల్లో ఏ నేల శీతకాలంలో అన్నిటికన్నా ఎక్కువ మంచు మోస్తుందో, ఆ రాజ్యపు శిఖరం కింద నీ అక్క ఉంది. ఈ గునపం ఒక్క పోటే పొడుస్తుంది. చోటు తప్పావా, పేటిక నీరైపోతుంది. వసంతంలో తొలి ఉరుము ఉరిమినా అంతే," అని చెప్పి బావిలోకి దిగిపోయింది.

ఆ మూడు రాజ్యాలూ ఒకప్పుడు ఒకే చక్రవర్తి ఏలుబడిలో ఉండేవి. అందుచేత మూడు చోట్లా మంచును కొలిచే మాట ఒక్కటే: 'రాజు'. శీతకోటలో "ఈ ఏడు రెండు రాజుల మంచు" అన్నారు. ధవళగిరిలో "ఒక్క రాజే, బాబూ" అని సిగ్గుపడుతూ చెప్పారు. విభాకరుడు ధవళగిరి శిఖరం దాకా ఎక్కి కూడా, ఒక్క రాజేనా అని పెదవి విరిచి దిగి వచ్చేశాడు. ఇక మిగిలింది తుహినవతి.

మంచు మీద పరుగెత్తితే దాహం వెయ్యదనుకొంటారు ఎండదేశం వాళ్ళు. మల్లు గొంతు ఎండి పిడచకట్టుకుపోయింది. అతను మొలకు కట్టుకొన్న ఇత్తడి చెంబు విప్పి, నిండా మంచు తోడి, ఎండుపుల్లలు పోగుచేసి చెకుముకి కొట్టాడు. మంచు కరిగింది. మల్లు చెంబు ఎత్తాడు, దించాడు, లోపలికి చూశాడు.

"ఇదేం మంచు, దొరా! ధవళగిరిలో చెంబుడు మంచు కాస్తే ఇద్దరం కడుపు నిండా తాగాం. ఇక్కడ చెంబుడు కాస్తే నాలిక కూడా తడవలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ!"

"మంచుది కాదు తప్పు. రోజురోజుకీ నీ గొంతు పెద్దదవుతోంది," అని విభాకరుడు నవ్వాడు.

మల్లు గొణుక్కుంటూ మళ్ళీ చెంబు ముంచాడు. అంతే! చుట్టూ ఉన్న మంచుదిబ్బలు లేచి నిలబడ్డాయి. అవి దిబ్బలు కావు, తెల్లకంబళ్ళు కప్పుకొన్న భటులు.

"పరదేశులు మంచు కొలుస్తున్నారు! పట్టుకోండి!"

"కొలవడమేమిట్రా మీ మొహాలు! తాగుతుంటే!" అని మల్లు మొత్తుకొన్నాడు. వినేవాడెవడు? తుహినవతిలో పరదేశి మంచు కొలిస్తే మంచుబావిలో తోసెయ్యాలని శాసనం. మంచు లెక్క తెలిస్తే కనుమ ఎప్పుడు తెరుచుకొంటుందో శత్రువుకి తెలిసిపోతుందని వాళ్ళ భయం. ఇద్దరికీ పెడరెక్కలు విరిచికట్టి రాజసభకు ఈడ్చుకుపోయారు.

ఆ సభామండపాన్ని వర్ణించడం నావల్ల కాదు గాని, ప్రయత్నిస్తాను. స్తంభాలన్నీ పలకలుగా చెక్కిన మంచుగడ్డలు. ఒక్కొక్క స్తంభంలో ఒక్కొక్క దీపం బంధించారు. నేల మీద ఎలుగు తోళ్ళు, గోడలకు నెమలికంఠం రంగు కంబళ్ళు. సభికులందరూ, ముసలి మంత్రులతో సహా, కింద చాపల మీద కూర్చొన్నారు. సింహాసనం మాత్రం మెట్ల మీద మెట్లు కట్టి, దాదాపు కప్పును తాకేటంత ఎత్తున పెట్టారు. దాని మీద మెడ దాకా శాలువాలు చుట్టుకొని ప్రాంశువర్మ మహారాజు కూర్చొని ఉన్నాడు. పక్కనే ఒక భటుడు బంగారు పొన్ను వేసిన కర్ర పట్టుకొన్నాడు. అది మంచుకోల. సభ పైన దూలం మీద ఒక తెల్లని గుడ్లగూబ, పట్టపగలు, కళ్ళు విప్పార్చుకొని చూస్తోంది.

"మీరెవరు?" అని రాజు అడిగాడు.

"ఉప్పు వర్తకులం, మహారాజా," అన్నాడు విభాకరుడు.

"ఉప్పేదీ?"

"ఎలుగుబంటి కొనుక్కుంది, మహారాజా," అన్నాడు మల్లు.

"ఏం ధరకు?"

"మా ఇద్దరి ప్రాణాలకూ."

రాజు పెదవుల మీద నవ్వు మొలిచింది, కాని అంతలోనే ముందుకు వంగాడు. అతని కళ్ళలో కోపం కన్న ఆరాటం ఎక్కువగా ఉంది. "వర్తకులంటే దేశాలు తిరిగినవాళ్ళు. నిజం చెప్పండి. శీతకోటలో మంచెంత? ధవళగిరిలో ఎంత?"

మంచివాడిలా ఉన్నాడు, అబద్ధం ఎందుకని విభాకరుడు మోకాళ్ళ మీద వాలి, వేషం సంగతీ, అక్క సంగతీ, గునపం సంగతీ దాచకుండా చెప్పాడు. "శీతకోటలో రెండు రాజులు, మహారాజా. ధవళగిరిలో ఒక్కటే. తమ దేశంలో ఎంత?"

"ఐదు!" అంటూ రాజు సింహాసనం మీద నుంచి లేవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చొన్నాడు. "ఐదు రాజుల మంచు! మా నాన్నగారి కాలంలో రెండున్నర పడితే గొప్ప. నా పట్టాభిషేకమైన ఏడే రెట్టింపయింది. మా ఆస్థానకవి దాని మీద కావ్యం రాశాడు. కట్లు విప్పండి! రాజకుమారా, నీ అక్క మా శిఖరం కిందనే ఉంది. ఇంకెక్కడుంటుంది? పద, నేనే వచ్చి చూపిస్తాను!"

విభాకరుడికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళ ప్రయాణం ఇంత తేలిగ్గా ముగుస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు.

రాజు తెరలు దించిన పల్లకిలో, మిగతావాళ్ళు కాలినడకన శిఖరం చేరారు. అక్కడ మంచులో నేల దాకా తవ్విన ఒక గుంట ఉంది. గుంట అంచున విభాకరుడు గునపం విప్పి రెండు చేతులా పట్టుకొన్నాడు. గునపం వేడెక్కి ఝుమ్మంది. గుడ్లగూబ ఎప్పుడు వచ్చిందో, పక్కనున్న బండ మీద వాలింది. పడమటి ఆకాశంలో నల్లని మబ్బు ఒకటి తల ఎత్తుతోంది.

"ఆగు, రాజకుమారా! ఆచారం తప్పకూడదు," అన్నాడు ప్రాంశువర్మ. "మంచు కొలిచే ముందు కోలను సరిచూడాలి."

పల్లకి తెరలు తొలిగాయి. రాజు దిగాడు. భటుడు మంచుకోలను నిటారుగా నిలబెడితే, రాజు దాని పక్కన వెన్ను నిక్కించి నిలబడ్డాడు. కోల చివరా, కిరీటం కిందున్న తలా సరిగ్గా సమానం. "కోల సరి! రాజు సరి!" అని భటులు కేకపెట్టారు. తర్వాత కోలను గుంటలోకి దించి ఒకటి, రెండు అంటూ కొలవసాగారు.

ప్రాంశువు అంటే పొడగరి. ఆ పేరు పెట్టిన తాతగారికి ముందుచూపు తక్కువ. రాజు ఎర్రమల్లు మొలదాకా కూడా రాడు.

విభాకరుడి చేతులు పైకి లేచినవి లేచినట్టే నిలిచిపోయాయి. శీతకోట రాజు తన భుజానికి భుజం సరిపోయే మనిషి. ధవళగిరి రాజు? ఆయన తన కోటగుమ్మంలోనే వంగి నడిచే మహాకాయుడు; మల్లు ఆయన రొమ్ము దాకా వచ్చాడు. మూడు దేశాలకూ మాట ఒకటే, కాని కోల మూడు రకాలు!

"ఐదు!" అని గుంటలో నుంచి కేక వినిపించింది. "పొడువు, రాజకుమారా! ఆలస్యమెందుకు?" అని రాజు తొందరపెట్టాడు.

విభాకరుడు మెల్లగా గునపం దించాడు. "మహారాజా, మీ నాన్నగారి మంచుకోల ఒకసారి చూపిస్తారా?"

"అదెక్కడుంటుంది? రాజు పోతే ఆయన కోలను ఆయన చితి మీదనే కాలుస్తాం. కొత్త రాజు ఎత్తుకు కొత్త కోల."

"మీ నాన్నగారు మంచి పొడగరా?"

అక్కడున్న మంత్రులందరూ ఒక్కసారిగా కళ్ళు మూసుకొన్నారు. ఒక భటుడు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఆ రాజ్యంలో ఎత్తు గురించి మాట్లాడి మెడ మీద తలతో తిరిగినవాడు లేడు. విభాకరుడికి ఆ సంగతి వాళ్ళ ముఖాలే చెప్పాయి. అయినా అక్క మీద ఒట్టు పెట్టుకొన్నవాడు నోరు మూసుకొని గునపం పొడవగలడా?

"మహారాజా, తర్వాత నన్ను మంచుబావిలో తొయ్యండి. ముందు నా మాట వినండి. ధవళగిరి రాజు మల్లు కన్న పొడగరి, అక్కడి కోలా అంత పొడవే. తమ పట్టాభిషేకంతో మంచు పెరగలేదు. కోల తగ్గింది."

ప్రాంశువర్మ కోల వైపు చూశాడు, గుంట వైపు చూశాడు, మంత్రుల వైపు చూశాడు. ఒక్కడు కూడా కళ్ళు తెరవలేదు.

"నాన్నగారి మంచూ, నా మంచూ ఒకటేనా?" అన్నాడు చిన్న గొంతుతో. "దేవుడు నా ఎత్తు తగ్గించి, అందుకు బదులు నా దేశానికి మంచు పెంచాడనుకొన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కడూ చెప్పలేదే!"

"చెబితే తల ఉండేది కాదుగా, మహారాజా," అన్నాడు మల్లు.

రాజు మల్లును ఎగాదిగా చూశాడు. ఏమనుకొన్నాడో గాని, ఫక్కున నవ్వాడు. ఆ నవ్వులో దుఃఖం లేకపోలేదు. కాని అదే ఊపులో అతని పాత ఆరాటం కూడా తిరిగి వచ్చింది. "సరే! కోల అబద్ధమాడితే, నిజం తేల్చేదెలా? అయినా ఐదు నా లాంటివాళ్ళను ఒకరి మీద ఒకరిని నిలబెడితే, ఒక్క ధవళగిరి రాజు కన్న ఎత్తే కదా! ఇప్పటికీ మా మంచే ఎక్కువ!"

అది నిజమే. విభాకరుడు నుదురు రుద్దుకొన్నాడు. ఎత్తు చూస్తే ఇక్కడే ఎక్కువ. ఐతే యక్షిణి ఎత్తు అనలేదు. నేల మోసే మంచు అంది. మొయ్యడమంటే బరువు! అతను గిర్రున తిరిగి మల్లు మొలలోని చెంబును లాక్కొన్నాడు.

"మల్లూ! ధవళగిరి మంచు గురించి ఏమన్నావు? చెంబుడు మంచుకు ఎన్ని నీళ్ళొచ్చాయి?"

"సగానికి పైనే, దొరా. అక్కడి మంచు తడి ఇసుకలా గట్టిది."

"శీతకోటలో?"

"పావు. ఇక్కడ..."

ఇక్కడిది రాజు తన కళ్ళతోనే చూస్తానన్నాడు. గుంట గోడను పై నుంచి కింది దాకా గోకి చెంబు నింపారు. మంట పెట్టారు. మహారాజు మంచులో చతికిలబడి, చంటిపిల్లవాడిలా చెంబులోకి తొంగిచూశాడు. మంచు కుంగింది, ఇంకా కుంగింది, అడుగున ఒక గుక్కెడు నీళ్ళై ఆగిపోయింది.

"ఇంతేనా మా మంచు!"

"పత్తిబస్తా, మహారాజా. ఎత్తు ఘనం, బరువు స్వల్పం. ధవళగిరిది ఉప్పుబస్తా. ఎత్తులో మీ మంచుకు సాటి రాకపోయినా, బరువులో దాన్ని మించింది లేదు," అన్నాడు విభాకరుడు. అంటూనే తల పట్టుకొన్నాడు. ఒక్క రాజేనని తను పెదవి విరిచిన శిఖరం! అక్క నెత్తి మీద నిలబడి, చాలదని దిగి వచ్చేశాడన్నమాట.

మల్లు తల వంచుకొన్నాడు. "దొరా, తిట్టకండి. ధవళగిరి శిఖరం మీద కాచిన నీళ్ళు మొగలిపూల వాసన వేశాయి. అమ్మాయిగారి మాటెత్తితే మీరు రాత్రంతా ఏడుస్తారని చెప్పలేదు."

విభాకరుడు తిట్టకుండా మల్లును గట్టిగా కౌగిలించుకొని వదిలాడు. ఆ క్షణంలోనే బండ మీది గుడ్లగూబ మనిషి గొంతుతో ఇకిలించింది. "ఇప్పుడు తెలిసి ఏం లాభం, రాజకుమారా? వంతెన పోయింది, మబ్బు వచ్చింది!" అని రెక్కలు టపటపలాడించి శిఖరం పైకి ఎగిరింది. అది కరకదంతుడి వేగుపక్షి.

మబ్బు నిజంగానే సగం ఆకాశాన్ని మింగేసింది.

"వంతెన లేకపోతేనేం?" అన్నాడు ప్రాంశువర్మ. "ఈ వాలు నేరుగా ధవళగిరి లోయలోకి దిగుతుంది. కాలినడకన దిగినవాడు బతకడు. కాని నా చిన్ననాటి మంచుబండి ఉంది. చక్రాలుండవు, జారుకుంటూ పోతుంది. నా ఎత్తుకు సరిగ్గా సరిపోయేది." తన ఎత్తు గురించి తానే పరిహాసమాడడం అతనికి అదే మొదటిసారి, మంత్రులు నవ్వాలో వద్దో తేల్చుకోలేక దగ్గారు. "ఒక్క కోరిక. మీ అక్క లేచి కూర్చొన్నాక ఆ చెంబు నాకు పంపు. ఇక మీదట నా దేశపు మంచును దానితోనే కొలుస్తాను."

బండి తెచ్చారు. అది నిజంగా పిల్లల బండే. విభాకరుడు ముందు కూర్చొని పగ్గాలు పట్టాడు. మల్లు వెనుక ఇరుక్కొంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. రాజే స్వయంగా వెనుక నుంచి తోశాడు.

బండి కదిలింది, ఉరికింది, ఆ పైన నేలను తాకడమే మానేసింది. దేవదారులు రెండు పక్కలా గీతల్లా జారిపోతున్నాయి. మల్లు తనకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచి, తెలియని దేవుళ్ళను కూడా పిలవసాగాడు. అదిగో ధవళగిరి! లోయకు అవతల, మబ్బుకు ఇంకా అందకుండా తెల్లగా నిలబడి ఉంది. విభాకరుడు గునపాన్ని గుండెకు అదుముకొన్నాడు.

పైనెక్కడో గుడ్లగూబ కీచుమని అరిచింది. ఆ వెంటనే కొండలన్నీ దద్దరిల్లేటట్టు ఢమఢమమని మోత పుట్టింది.

విభాకరుడి ప్రాణాలు పైనే పోయాయి. పగ్గాలు చేతిలో నుంచి జారాయి. తొలి ఉరుము! "అయిపోయింది, మల్లూ! అక్క నీరైపోయింది!" అని వెక్కి ఏడ్చాడు.

మల్లు మెడ తిప్పి వెనక్కి చూశాడు. "దొరా! అది ఉరుము కాదు! కొండ మీది మంచంతా విరిగి మన మీదికి వచ్చేస్తోంది!"

"నిజంగానా?"

విభాకరుడు తిరిగి చూశాడు. ఐదు రాజుల మంచు, ఆ కొస నుంచి ఈ కొస దాకా, చెట్లను పిండి చేసుకుంటూ గోడలా దొర్లుకొస్తోంది. ఆ శీతకాలమంతటిలో అతనికి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

"ఉరుము కాదు! అక్క బతికే ఉంది, మల్లూ!" అని కేకపెట్టి, కన్నీళ్ళు తుడుచుకోకుండానే పగ్గాలు అందుకొని, బండి ముక్కును నిటారుగా లోయలోకి తిప్పాడు.